కిష్టమ్మకు కుదరదన్న బండి

బొంబాయి కామాటిపురాలో తెలుగువాళ్ల సేవా సంఘానికి ఆఫీసు కంటే ముందు బండి వచ్చింది. శవాలను తీసుకెళ్లే బండి. 1961లో దాన్ని చేసింది రాజమల్లు. కట్టడాల దగ్గర వడ్రంగి పని అతనిది. పాలమూరు కూలీ ఎవరైనా పోతే మోయడానికి నలుగురు దొరక్క, శవం రోజంతా కూలీలుండే ఇరుకు గదుల చాలీలోనే ఉండిపోయేది. అది చూడలేక పాత చెక్కలు ఏరుకొచ్చి బండి కట్టాడు. పదిమందిని కూడగట్టి సంఘం పెట్టాడు. బండి ఉండే కొట్టు తాళంచెవి ఇరవై రెండేళ్లు అతని మొలతాడుకే వేలాడింది.

తర్వాత చదువుకున్నవాళ్లు చేరారు. ఒక కంపెనీలో గుమాస్తాగా ఉన్న శంకర్రావు అధ్యక్షుడయ్యాడు.

1983 వానాకాలంలో కిష్టమ్మ క్షయతో చనిపోయింది. అంతకు ఆరేళ్ల ముందు ఆమె మగడు యాదయ్య పరంజా మీద నుంచి పడి చనిపోతే, సంఘమే దహనం చేయించింది. పదోరోజు దాకా వచ్చిపోయినవాళ్లు ఆపైన ఆమె గడప తొక్కలేదు. ఏడాది తిరక్కుండానే ఆమె ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల గల్లీకి చేరింది.

ఆమెతో ఒకే గదిలో ఉండే మంగళ వచ్చి బండి అడిగింది. శంకర్రావు కుదరదన్నాడు. ఆ గల్లీలోకి బండి పోతే చాలీ పిల్లలకు సంబంధాలు రావన్నాడు.

"ఆమె మగన్ని గీ బండి మీదనే తీస్కపోయినం గద," అన్నాడు రాజమల్లు.

"అప్పుడామె మనామె, కాకా."

"మనం ఇడిసిపెట్టినంకనే అటు పోయింది."

రాజమల్లు వెళ్లి కొట్టు తెరిచాడు. ముందు అతను లాగాడు, వెనక మంగళ, మరో ముగ్గురు ఆడవాళ్లు తోశారు. ఫాక్‌లాండ్ రోడ్డులో తెలిసినవాళ్లు వీళ్లను చూసి దుకాణాల్లోకి తప్పుకున్నారు. కొరివి అతనే పెట్టాడు.

మర్నాడు కమిటీ తాళంచెవి తీసేసుకుంది. బండిని పసుపు నీళ్లతో కడిగించింది. అతని భార్య గంగవ్వతో చాలీ ఆడవాళ్లు మాట మానేశారు. ఆమె ఒక్కసారే అంది: "నువ్వు చేసింది తప్పు గాదు. కానీ దినాం నీళ్లకు నల్ల కాడ నిలబడేది నేను."

1986లో దాదర్‌లో సంఘం పాతికేళ్ల పండుగ చేసుకుంది. తప్పయిందని రాసిస్తే వేదిక మీద కూర్చోబెడతామని శంకర్రావు కబురంపాడు. రాజమల్లు రాయలేదు. అయినా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాడు. అక్కడ పంచిన సంఘ చరిత్రను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. సంఘాన్ని 'కొందరు ఉత్సాహవంతులు' స్థాపించారట. ఏ తారతమ్యమూ చూడకుండా అందరికీ సేవ చేసిందట. భోజనాలకు ముందే లేచి వచ్చేశాడు.

ఆ నెలలోనే మంగళ పోయింది. రాజమల్లు ఈసారి ఎవరినీ అడగలేదు. నాగ్‌పాడాలో ఒక కూరగాయల తోపుడుబండి తెచ్చుకున్నాడు. అరవై దాటిన మనిషి, మంగళను శ్మశానానికి తోసుకెళ్తూ దారిలో ఊపిరందక రెండుసార్లు ఆగాడు. గంగవ్వ అతన్ని వద్దనలేదు. వెంట రానూ లేదు.