బావ గీసిన దగ్గు

మొన్న మా అమ్మాయి ఫోన్లో బొమ్మల సినిమా చూస్తుంటే తొంగి చూశాను. మూలన, పద్దెనిమిదేళ్లు దాటినవారికే అని రాసి ఉంది. బొమ్మలకు వయసేమిటని నవ్వబోయి ఆగిపోయాను. అలాంటిదే ఒకటి ఎనభైల్లో బొంబాయి కామాటిపురాలో, కూలీల కుటుంబాలు వరస గదుల్లో ఉండే మా చాల్ ముంగిట ఆడింది. దాని నిడివి పదకొండు నిమిషాలు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. బడి ఏడో తరగతితో ఆగినా, ఇటుకల దొంతరలు కొలిచీ కొలిచీ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మా అక్క మొగుడు, అంటే మా బావ, మొదట గ్రాంట్ రోడ్ దగ్గర సినిమా బోర్డులకు రంగులు వేసి, తర్వాత బొమ్మల సినిమాలు తీసే చిన్న స్టూడియోలో కుదిరాడు. సెకనుకు పన్నెండు బొమ్మలు గీయాలని ఆయన అనగానే, పదకొండు నిమిషాలకు ఏడువేల తొమ్మిదివందల ఇరవై అని నోటితోనే తేల్చేశాను. బావ మెచ్చుకోలేదు. "అన్ని నేనొక్కణ్నే గీస్తనా బామ్మర్దీ? నా పాలికి దగ్గేటోడొక్కడే వచ్చిండు" అన్నాడు.

అది క్షయ గురించి పెద్దవాళ్ల కోసం తీసిన సినిమా. కూలీలుండే గల్లీల్లో తెర కట్టి చూపించేవారు. అందులో ఒక మేస్త్రి దగ్గుతాడు, దగ్గును దాస్తాడు, చివరికి దవాఖానకు పోయి బాగవుతాడు. మా నాన్న కూడా మేస్త్రే. వానాకాలం నుంచి దగ్గుతున్నాడు. ఎవరడిగినా "సిమిట్ దుమ్ము గొంతుల కూసున్నది" అనేవాడు. ఆయన తువ్వాలు ఉతికేటప్పుడు అమ్మ ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. ముప్పై ఆరు కుటుంబాలకు రెండు నల్లాలున్న చాల్‌లో ఆ జబ్బు పేరు బయటపడితే బిందెడు నీళ్లు పట్టుకోవడం కూడా కష్టం. పైగా అల్లుడు మామ ముందు నిలబడి రోగం మాట ఎత్తడం మా ఇళ్లలో లేదు. కొడుకు ఎత్తవచ్చు. నేను ఎత్తలేదు. అందుకని బావ నోరు విప్పకుండా చెప్పాలనుకున్నాడు. బొమ్మ మేస్త్రికి మా నాన్న వంగిన ఎడమ భుజం, చెవిమీద పెన్సిలు, దగ్గే ముందు గోడకు అరచెయ్యి ఆనించే అలవాటు, అన్నీ పెట్టాడు. చూసి ఆయనే తెలుసుకుంటాడని ఆశ.

పిల్లల సినిమా కాదని తెర కట్టినవాళ్లు చెప్పినా ఎవరూ వినలేదు. బొమ్మలంటే పిల్లలవే కదా అని వాళ్లను ముందు కూర్చోబెట్టి, చాల్ అంతా నవ్వుకోవడానికి సిద్ధపడి వచ్చింది. అల్లుడు గీసిన సినిమా అని నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తెరమీద మేస్త్రి గోడకు చెయ్యి ఆనించగానే పక్కింటి కాక, "అరే, గీడు మన మేస్త్రే. ఏక్‌దం అట్లనే దగ్గుతుండు సూడుండ్రి" అన్నాడు. ముంగిలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అంతలో బొమ్మ మేస్త్రి నోటికి అడ్డం పెట్టుకున్న తువ్వాలు తీశాడు. అది ఎర్రగా ఉంది. నవ్వు ఆగిపోయింది. అందరూ తెరను వదిలి నాన్నను చూశారు. ఆయన లేచి, ఎవరి కాళ్లూ తొక్కకుండా జాగ్రత్తగా వెళ్లిపోయాడు. మేస్త్రి బాగయ్యేది చివరి రెండు నిమిషాల్లో. నాన్న అది చూడలేదు.

మర్నాడు నల్లా దగ్గర అమ్మ బిందె చుట్టూ జాగా వదిలారు. "నాకేం రోగం లేదు, కండ్లార సూస్కోండ్రి" అని నాన్న ఆ రోజునుంచి ఒక్క నాగా లేకుండా పరంజా ఎక్కాడు. అలా అయిదు నెలలు. ఆరో నెలలో నలుగురం దవాఖానకు మోసుకుపోతే, ఇంకా ముందే తేవలసిందని డాక్టరు అన్నాడు. మంచం మీద ఆయన కాళ్లవైపు బావ తల వంచుకొని నిలబడ్డాడు. నాన్న ఆయన్ని చూసి, "మంచిగనే గీసినవ్ అల్లుడా. ఎవలన్న నోటితోని చెప్తే పోయేటోణ్ని గద" అన్నాడు. తొమ్మిదో రోజు పోయాడు.

నోటితో చెప్పడానికి ఎంతసేపు పడుతుందో తర్వాత ఒకరోజు గడియారం ముందు కూర్చుని కొలిచాను. "నాయినా, దవాఖానకు పోదాం పా." మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లు ఆ అయిదు నెలలూ నా దగ్గరే ఉన్నాయి.