నానీ ఇంటికి నేను వేసిన తాళం

రంజాన్ పండుగ నాడు, పట్టపగలు, హసన్‌పర్తిలో పదకొండు మంది ముసలివాళ్ళను నేను ఎత్తుకుపోయాను. పోలీసులు ఆ మాట అనలేదు, వాళ్ళ మనవలు అన్నారు. ఏం జరిగిందో దాచకుండా చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. మా వాడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మసీదులో పిల్లలకు ఖురాన్ నేర్పేవాణ్ణి. శుక్రవారాలు తెలుగులో నాలుగు మాటలు చెప్పేవాణ్ణి. నేను నాలుగే అనుకునేవాణ్ణి, వినేవాళ్ళ లెక్క వేరు. పెద్దలను గౌరవించమని ప్రవక్త చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. వచ్చినదాన్ని అమలు చేయకపోతే అల్లాహ్ ముందు ఏమని జవాబు చెప్పాలి? అందుకని ఉపవాసాలు సగంలో ఉండగానే ఒక ఆలోచన చేశాను. పండుగ నాడు వాడలోని పెద్దలందరినీ హనుమకొండలో ఒక ఫంక్షన్ హాలుకు తీసుకుపోవాలి. శాలువాలు కప్పాలి, బిర్యానీ పెట్టాలి, మంచి ఉపన్యాసం వినిపించాలి. ఉపన్యాసం ఎవరిదో చెప్పనక్కర్లేదు. దాని కోసం ఒక నల్లకోటు కూడా కొన్నాను.

ఇందులో ఒక్కటే చిక్కు. ఈద్గాలో నమాజు కాగానే వాడంతా పెద్దల ఇళ్ళకు కదులుతుంది. వాళ్ళు తలుపులు బార్లా తీసి, గిన్నె నిండా షీర్ ఖుర్మా పాయసం పెట్టుకుని, కొత్తబట్టల్లో నవాబుల్లా కూర్చుంటారు. ఏడాదికి ఒక్కరోజు వాళ్ళ దర్బారు. ఇది నాకు తెలియదా? ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గిన్నెలు నాకినవాణ్ణే. కోటు వేసుకున్నాక మర్చిపోయాను.

జైనబీ నానీ ఒక్కతే మొండికేసింది. నాకు సొంత అమ్మమ్మ కాదు. ఒంటరిగా ఉండే ఆమెను వాడంతా నానీ అనే పిలుస్తుంది.

“నేను రాను బిడ్డా. ఇయ్యాల మా మస్తాన్ వస్తాండు.”

మస్తాన్ తాత ధర్మసాగర్‌లో ఉండే ఆమె తమ్ముడు. మూడేళ్ళ కిందట తాత కొడుకు పెళ్ళిలో, మేనత్త చేరకముందే పిల్లవాడికి పసుపు రాసేశారు. తన కోసం ఆగలేదని అక్క అలిగింది. ఆలస్యంగా వచ్చి అలగడమేమిటని తమ్ముడు అలిగాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఈసారి పండుగకు మధ్యాహ్నం నమాజు కాగానే వస్తానని కబురు పంపాడట.

“మధ్యాహ్నమే కద నానీ! అప్పటికల్ల నిన్ను ఈడ్నే దింపుత. ఫికర్ చెయ్యకు.”

“జర ఆలస్యమైతే?”

“నా మీద నమ్మకం లేదా?”

“నీ మీద ఉన్నది. నీ నోటి మీద లేదు. మొదలువెడితే ఆపవు గదరా!”

అది మొహమాటమనుకున్నాను. ఆమెను చెయ్యిపట్టి ఆటో ఎక్కించి, తలుపుకు నేనే తాళం వేసి, తాళంచెవిని కోటు జేబులో పడేసుకున్నాను.

హాల్లో ముందు అందరి ఫోన్లూ ఒక సంచిలో వేయించాను. పోయిన శుక్రవారం నా ప్రసంగం మధ్యలో ఎవరి ఫోనో పాట పాడింది, మళ్ళీ పాడితే ఎలా? తర్వాత శాలువాలు. ఏప్రిల్ ఎండలో ఉన్ని శాలువాలు. ఆ తర్వాత ఉపన్యాసం. అంశం: బంధుత్వాలు తెంచుకోరాదు.

సగంలో యాకూబ్ తాత లేచాడు. “ఇమ్రానూ, ఇంటికాడ పోరగాండ్లు సలాం చెయ్యనీకి వస్తరురా.”

“ఇంక మూడు పాయింట్లే తాతా.”

రెండో పాయింటుకు నాకు చెమటలు పట్టి కోటు విప్పి కుర్చీకి తగిలించాను. నానీ బడిపిల్లలా చెయ్యెత్తింది.

“టైమెంతైంది బిడ్డా?”

“రెండోది అయిపోవచ్చింది నానీ.”

“నేను టైం అడిగినరా!”

చివరికి ముగించాను. చివరి ప్రార్థన, దుఆ కోసం నేను చేతులెత్తానో లేదో, నోరు తెరవకముందే పదకొండు మందీ ఆమీన్ అనేశారు.

సంచి తెరిస్తే ఫోన్లన్నీ కందిరీగల్లా కొట్టుకుంటున్నాయి. నానీ ఫోనులో మస్తాన్ తాతవే ఏడు మిస్డ్ కాల్స్. తిరిగి చేస్తే కట్ చేశాడు. బిర్యానీ ఎవరూ ముట్టలేదు. ఆటోల్లో ఎక్కి వాడకు పరుగెత్తాం.

వాడలో మూసిన తలుపుల ముందు పిల్లలు గుంపులుగా నిలబడి ఉన్నారు. నా దగ్గర చదివే పిల్ల ఒకతి నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగింది: “మా దాదీని ఏడికి పట్కపోయినవ్ సార్?”

నేను జవాబు వెతుక్కుంటుండగానే పక్కింటి రజియక్క నానీతో అంది: “మస్తాన్ చాచా వచ్చిండు. తాళం జూసి శానసేపు నిలవడ్డడు. ‘నా మొకం మీద తాళమేసి పోయింది’ అనుకుంట బస్టాపు దిక్కు పోయిండు.”

నానీ ఏమీ అనలేదు. వెళ్ళి తన ఇంటి మెట్టు మీద కూర్చుంది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

పరుగెత్తాను. బస్టాపులో మస్తాన్ తాత చేతిలో చేపల సంచితో నిలబడి ఉన్నాడు. హనుమకొండ బస్సు వచ్చి ఆగనే ఆగింది.

“తాతా, ఎక్కకు! ఆ తాళం నేనేసిన!”

“నువ్వెవనివిరా ఏయనీకి?”

“పెద్దలను గౌరవిద్దామని...”

తాత నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. “అక్క ఏమన్నది?”

“ఏమంటలేదు తాతా. మెట్టు మీద కూసున్నది.”

బస్సు కదిలింది. తాత కదల్లేదు. “ఏమంటలేదంటే మస్తు బాధైనట్టు. నడువు.”

అక్కాతమ్ముళ్ళు ఎదురుపడ్డారు. వాడంతా ఊపిరి బిగబట్టింది. మూడేళ్ళ తర్వాత నానీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది:

“చేపలు పట్టుకొని ఎండల తిరుగుతానవా? ఖరాబైతయ్ కద!”

“నువ్వు తలుపు తీస్తె గద!”

“చెవి గీనికాడ ఉన్నది.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. జేబు తడుముకున్నాను. కుర్తా జేబు.

“కోట్ల ఉన్నది,” అన్నాను.

“కోటేది?”

“హాల్ల ఉన్నది.”

తాత చేపల సంచిని మెట్టు మీద దించాడు.

“వీడు గాడిదా అక్కా?”

“గాడిదకు దారన్న తెలుస్తది తమ్మీ.”

మూడేళ్ళ తర్వాత ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు.

నా స్నేహితుడొకడు బండి మీద పోయి కోటు తెచ్చేదాకా చేపలు ఆగవు. రజియక్క కత్తిపీట, బిందెడు నీళ్ళు, ఉప్పు, పసుపు ఇచ్చింది. ఆ మెట్టు దగ్గరే తాత కోశాడు, నానీ ఉప్పూ పసుపూ పట్టించింది, కొత్త తెల్లకుర్తాలో నేను పొలుసు తీశాను. పిల్లలు వరసగా వచ్చి నానీకి సలాం చేసి, నన్ను వాసన చూసి పోయారు. పసుపు చేతులతోనే నానీ ఒక్కొక్కరి తల నిమిరింది.

“ఆనాడు పెండ్లిల రాయనియ్యని పసుపు ఇయ్యాల చేపలకు రాస్తాన,” అని తమ్ముడిని దెప్పింది. తాత తలొంచుకుని నవ్వాడు. తర్వాత నా వంతు: “ఇప్పుడు చెప్పు బిడ్డా, గా బంధుత్వాల ముచ్చట. జర చిన్నగ.”

నోరు తెరిచాను.

“నోరు గాదు, చెయ్యి ఆడియ్యి,” అన్నాడు తాత.

ప్రమాణాలు తేలికగా చేయకూడదని పిల్లలకు నేనే చెబుతాను. అయినా పొలుసు చేతులతో ఆ మెట్టు మీద కూర్చుని ఒకటి చేశాను. పండుగ పూట ఏ పెద్దలనూ ఇక సన్మానించను. వాళ్ళ గడప ముందు చెప్పులు విడిచి, సలాం చేసి, పెట్టింది తిని, చెప్పింది వింటాను. ఎవరైనా అడిగితే తప్ప ఉపన్యాసం ఇవ్వను. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. చేపలు మాత్రం ఏటా మస్తాన్ తాత తెస్తూనే ఉన్నాడు, నేను కడుగుతూనే ఉన్నాను.