అత్త కడిగిన నల్ల ఇసుక

మా మేనత్త పోయిందన్న కబురు మంథనిలో బస్సు దిగుతుండగానే తెలిసింది. మూడు రోజుల జ్వరమట. ఇప్పుడు ఊరంతా ఆమెను మంచి మనిషి అంటోంది. అలా అన్నవాళ్ల మొహాలన్నీ చూశాను. ఒక్కరి మీదా నమ్మకం కుదరలేదు. బతికుండగా ఆమెను దొంగ అనుకున్నవాళ్లలో మొదటివాణ్ణి నేనే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

వరద తగ్గాక గోదావరి మలుపులో ఇసుక కడిగి బంగారం తీయడం అత్త పని. కొయ్యపళ్లెంలో ఇసుక పోసి, నీళ్లలో ముంచి గుండ్రంగా తిప్పేది. తేలికది కొట్టుకుపోయేది. అడుగున బరువైన నల్ల ఇసుక, అందులో ఆవగింజలో సగమంత బంగారం. సాయంత్రం లేచేముందు గోళ్లసందులు కూడా ఆ పళ్లెంలోనే కడుక్కునేది. ఒకసారి నేను దోపిడీ మీద ఆవేశంగా మాట్లాడుతూ తిప్పబోయి అంతా ఏట్లో పోశాను.

"నీ కోపమంత పళ్లెం మీదనేనా అల్లుడా? జర మెల్లగ. నువ్వు ఉపన్యాసమిస్తె ఇసుక వింటదా?" అని నవ్వింది.

బంగారం తీసుకున్నాక మిగతావాళ్లు నల్ల ఇసుకను ఏట్లోనే పారబోస్తారు. అత్త మాత్రం ఆరబెట్టి మూటకట్టేది. అప్పుడప్పుడు సైకిలు మీద ఒకాయన వచ్చి పట్టుకుపోయేవాడు. అదే నాకు గుచ్చుకుంది. సముద్రతీరాన ఇలాంటి నల్ల ఇసుకలోనే బంగారాన్ని మించిన ఖనిజాలున్నాయనీ, దాన్ని ఓడల్లో విదేశాలకు తరలిస్తున్నారనీ ఒక కరపత్రంలో చదివి ఉన్నాను. మా ఏటినీ అమ్మేస్తున్నారని రక్తం ఉడికింది.

"గిది ఎవలకిస్తున్నవ్ అత్తా?"

"అడిగినోళ్లకిస్తున్న. నీక్కావాల్నా? పట్కపో."

ఆ జవాబుతో అనుమానం ఇంకా పెరిగింది. గుప్పెడు ఇసుకను ఆమె పాత చీర ముక్కలోనే కట్టి, నాలుగు పేజీల ఉత్తరంతో హైదరాబాదులోని సర్కారు గనుల దఫ్తరుకు పంపాను.

రెండు నెలలకు జీపు వచ్చింది. అధికారి అత్త ముందే ఆ మూట విప్పి, "ఈ ఇసుక ఎక్కడిది?" అన్నాడు. ఆమె ఇసుకను చూడలేదు. గుడ్డను చూసింది. తరువాత నన్ను చూసింది.

"గీ మలుపుల్దే సారూ. పట్వారి ఇంటికిస్త. కాయితం మీద సిరా ఆరెటందుకు సల్లుకుంటరు."

సిరా ఆరడానికా! నేను నమ్మలేదు. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారి ఇంటికి పరుగెత్తాను. గోడకు ఆనించి అదే సైకిలు. బల్ల మీద చిల్లుల డబ్బా, దాని నిండా నల్ల ఇసుక.

తిరిగొచ్చేసరికి మలుపు పొడవునా గుంజలు పాతుతున్నారు. ఇసుకలో ఏ ఖనిజాలున్నాయో పరీక్షలు ముగిసేదాకా అక్కడెవరూ ఇసుక కడగకూడదట. ఆ పరీక్షలు ఇప్పటికీ ముగియలేదు. ఏటిని దోచేవాళ్లను పట్టిద్దామని బయలుదేరి, అత్త చేతిలోంచి ఏటిని లాక్కున్నది నేనే.

ఆ మూట ఎందుకు పంపావని ఆమె ఒక్కనాడూ అడగలేదు. ఆ మౌనాన్నీ అనుమానించాను. ఏ పెళ్లిలోనో పదిమంది ముందు అంటుందని కాచుకున్నాను. అనలేదు.

చివరిసారి ఆమెను చూసింది బంగారం పనిచేసే అవుసులవాళ్ల వీధిలో. ఏరు పోయాక ఆ దుకాణాల ముందు దుమ్ము ఊడ్చుకెళ్లి, ఇంట్లో కడిగి, రవ్వంత బంగారం తీసుకునేది. తలవంచుకుని దాటిపోబోతుంటే చీపురు అడ్డం పెట్టింది.

"ఆగు అల్లుడా. కాలు లేపు."

"ఎందుకత్తా?"

"నీ చెప్పులకంటుకోని నా బంగారం పోతాంది. లేపు."

కాలు లేపుతూనే అన్నాను. "అత్తా, ఆ ఉత్తరం..."

"సక్కగ నిలవడు. నా భుజం పట్టుకో, పడ్తవు."

ఒంటికాలి మీద నిలబడి ఆమె భుజం పట్టుకున్నాను. ఆమె నా చెప్పు అడుగును చీపురు పుల్లలతో మెల్లగా గీకుతూ, రాలిన దుమ్మును చేటలోకి పట్టుకుంటోంది.