గాలికి దారి

సోమందేపల్లెలో షామియానాలు కుట్టే జమాల్ బాషాకు యాభై ఎనిమిదేళ్లు. ప్రతాప్ టెంట్‌హౌస్‌లో, ప్రతాప్ నాయన కాలం నుంచీ, ఒకే మిషను మీద కూర్చున్నాడు. మా వైపు వానకు కరువు గానీ గాలికి లేదు. పెళ్లి షామియానా చినిగిపోయిందంటే నిందంతా దర్జీదే. అందుకే షామియానా అయినా బ్యానరైనా బాషా అక్కడక్కడా అరచందమామల్లా కంతలు కోసి, చుట్టూ కుట్టు వేసేవాడు. గాలికి దారి ఇస్తే గుడ్డ బతుకుతుందనేవాడు. ఆయన కుట్టింది చినగడం నేను చూడలేదు.

నిరుడు ఆషాఢంలో బెంగళూరు నుంచి తెరచాప పడవల క్లబ్బు వాళ్లు మా దగ్గరి రిజర్వాయరుకు వచ్చారు. శని, ఆదివారాలు పందెం శిక్షణ. ఇక్కడి గాలి గడియకో దిక్కు తిరుగుతుందని, అలాంటి గాలిలోనే నేర్చుకోవాలని వచ్చారట. గాలిని తిట్టుకోవడమే తప్ప, దాన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లుంటారని మాకప్పుడే తెలిసింది. చినిగిన తెరచాపలు రెండు బాషాకిచ్చారు. ఆయన కుట్టు చూసి కోచ్ మురిసిపోయాడు. ఈ రెండు రోజులూ కుట్టు నిలిస్తే ఇక క్లబ్బు తెరచాపలన్నీ కుట్టే పని నీకేనన్నాడు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. బాషా శుక్రవారం సాయంత్రమే ప్రతాప్ దగ్గరికి పోయి, రేపటి నుంచి రానని చెప్పేశాడు. ఊరికే చెప్పలేదు, "నీ షామియానాలు నువ్వే కుట్టుకోప్పా" అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాట మింగి ఉంటే బాగుండేదని భార్య రంజాన్ బీ తల కొట్టుకుంది.

శనివారం పొద్దున బాషా గట్టు మీద కూర్చుని చూశాడు. పడమటి గాలి ఉన్నట్టుండి దక్షిణానికి మళ్లింది. తెరచాపలు పొట్టలు ఉబ్బించుకుని పటపటలాడాయి. అంత గుడ్డకు ఒక్క కంతా లేదు. తాను వేసిన అతుకు పిగిలితే పని పోయినట్టేనని ఆయనకు భయం పట్టుకుంది. అందరూ భోజనాలకు పోగానే, గట్టున పరిచిన ఆ రెండు తెరచాపలకూ ఎవరూ అడక్కుండానే కత్తెర పెట్టాడు. కంతల చుట్టూ చేత్తో కుట్టు కూడా వేశాడు.

మధ్యాహ్నం పందెంలో మిగతా పడవలు దూసుకుపోతే, ఆ రెండూ బయలుదేరిన చోటే తచ్చాడాయి. ఇదెవరి పని అని కోచ్ అడిగాడు. మెచ్చుకుంటారనుకుని బాషా ముందుకొచ్చాడు.

"నేనే సార్. గాలికి దారి ఇడిసినా. ఇంక చినగవు."

తిట్టి ఉంటే సరిపోయేది. ఎవరూ తిట్టలేదు. ఫోన్లలో వీడియో తీస్తూ మళ్లీ చెప్పమన్నారు. ఆయన మళ్లీ చెప్పాడు, కత్తెర పట్టి చూపించాడు కూడా. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అర్థం కాలేదు. కోచ్ పక్కకు పిలిచి, గాలి తెరచాపలో నిలిస్తేనే పడవ కదులుతుందని నెమ్మదిగా చెప్పాడు. తప్పు తమదేనన్నాడు. రేపు రానక్కర్లేదన్నాడు. ఆ మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఒక్క ముక్క ముందే చెప్పడానికి వాళ్ల నోళ్లేం పడిపోయాయి?

సోమవారం బాషా మళ్లీ ప్రతాప్ అంగడి మెట్లెక్కాడు. నేనక్కడే ఉన్నాను. ఆ వీడియో ఆయన కంటే ముందే చేరింది. ప్రతాప్ రావద్దనలేదు. పనివాళ్లందరినీ పిలిచి చుట్టూ నిలబెట్టాడు.

"మిషను ఆడనే ఉండాది బాషన్నా, కూర్చుందువులే. ముందు యెట్ల కోసినావో ఆ కత మాకూ చెప్పు."

బాషా మిషను వైపు చూశాడు. తర్వాత మొదటి నుంచీ చెప్పాడు. ఎక్కడ నవ్వుతారో ఈసారి తెలుసు కనుక, అక్కడక్కడా ఆగి మరీ చెప్పాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.