సంపూర్ణమ్మ తగ్గించిన అయిదు వందలు

నరసాపురంలో స్టేషనుకు వెళ్ళే దారిలో కుట్టు మిషన్ల షాపు నడుపుతున్న సంపూర్ణమ్మకు కోపం ఎక్కువ. బేరం మూడోసారి మొదలుపెడితే "ఇంకో షాపు చూసుకోండమ్మా" అని మొహం మీదే అనేస్తుంది. అయినా మొగల్తూరు నుంచీ పేరుపాలెం నుంచీ, గోదావరి అవతల సఖినేటిపల్లి నుంచీ కూడా ఆడవాళ్ళు వెతుక్కుంటూ ఆ షాపుకే వస్తారు. ఎందుకంటే మిషను అమ్మాక ఆమె మనిషిని వదిలెయ్యదు. దారం తెగుతోందని రెండేళ్ళ తర్వాత ఫోన్ చేసినా, "సూది తిరగేసి బిగించావేమో చూడు" అంటూ పని జరిగేదాకా ఫోన్ పెట్టదు.

నేను ఆ షాపు ఎదురింట్లో ఉంటాను. హైస్కూల్లో లెక్కల మాస్టారిగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు చెప్పబోయే సంగతుల్లో కొన్ని ఆమే చెప్పింది, కొన్ని నేను దగ్గరుండి చూశాను.

షాపు పెట్టింది ఆమె భర్త సాల్మన్. మిషను చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలిగిన మెకానిక్కు. 2016లో గుండెపోటుతో పోయాడు. షాపు అమ్మేసి ఆ డబ్బు బ్యాంకులో వేసుకోమని చుట్టాలందరూ చెప్పారు. సంపూర్ణమ్మ పెళ్ళికి ముందు లేసు అల్లిన మనిషి, చేతివేళ్ళ మీద ఆమెకు నమ్మకం ఉంది. ఏడాదిపాటు పాత మిషన్లు విప్పుతూ బిగిస్తూ ఆ పని నేర్చుకుంది. అమ్మిన మిషన్లు ఊళ్ళకు చేర్చడానికి మరిది ఉదయ్‌కుమార్‌ను పెట్టుకుంది. అతనికి సొంత ట్రక్కు ఆటో ఉంది. ట్రిప్పుకి ఇంత అని ఆమె ఇచ్చేది. కొన్నవాళ్ళు రవాణాకి పైసా ఇవ్వక్కర్లేదు.

జీవితంలో మొదటిసారి మిషను కొనుక్కునే ఆడమనిషికి ఆమె అయిదు వందలు తగ్గించేది. తన లాభంలోంచే. ఎందుకని ఒకసారి అడిగితే, "లేసు అల్లే రోజుల్లో నేను మిషను కొనుక్కుందామని నాలుగేళ్ళు తిరిగానండి. కొనలేకపోయాను" అంది. అంతకు మించి చెప్పలేదు.

దసరాకీ క్రిస్మస్‌కీ మిషన్ల కంపెనీ ఇంకో ఎనిమిది వందలు తగ్గించి అమ్మమనేది. ఆ ఎనిమిది వందలు తర్వాత కంపెనీయే ఆమె ఖాతాలో వేసేది. ఈ రెండు తగ్గింపుల్నీ సంపూర్ణమ్మ బిల్లులో కలిపి ఒకే వరసలో రాసేది. మిగిలిన ధర మీద పన్ను వేసేది. ఆరేళ్ళు అలాగే నడిచింది.

2023 జూలైలో ఒక రోజు పన్నుల ఆఫీసు నుంచి సారిక అనే అధికారిణి ఇద్దరు ఉద్యోగులతో వచ్చింది. షాపులో అప్పుడు నలుగురు కొనేవాళ్ళున్నారు. మూడేళ్ళ బిల్లులు తెప్పించుకుని చాలాసేపు చూసింది.

"ఇన్ని బిల్లుల్లో తగ్గింపు ఉందేంటండీ? మిషనుకి పదమూడు వందలు వదులుకుంటే మీకు మిగిలేదేంటి?"

"అందులో ఎనిమిది వందలు కంపెనీదండి. వాళ్ళు నాకు తిరిగి ఇస్తారు. అయిదు వందలు మాత్రం నాది."

"కంపెనీ తిరిగి ఇస్తే అదీ మీకు ధర వచ్చినట్టే కదా. కొన్నవాళ్ళు కొంత ఇచ్చారు, కంపెనీ కొంత ఇచ్చింది. దాని మీద పన్ను ఏదండీ?"

అలా ఆలోచించాలని సంపూర్ణమ్మకెప్పుడూ తట్టలేదు.

"పోనీ ఈ అయిదు వందలు. సొంత లాభం ఎవరైనా ఊరికే వదులుకుంటారా? బిల్లులో తగ్గించి రాసి, చేతికి విడిగా తీసుకున్నారని మేం అనుకోవాల్సి వస్తుంది" అంది సారిక. గట్టిగా అనలేదు, దురుసుగా అనలేదు. కానీ షాపులో ఉన్న నలుగురూ విన్నారు.

నెల తిరక్కుండా నోటీసు వచ్చింది. పన్ను, వడ్డీ, పెనాల్టీ కలిపి రెండు లక్షల పైచిలుకు. ఆ షాపుకి అది చిన్న మొత్తం కాదు. అయితే ఆమెను కుంగదీసింది అది కాదు. "జనం దగ్గర పన్ను వసూలు చేసి మింగేసిందట" అనే మాట బజారంతా తిరిగింది. చర్చిలో స్త్రీల సమాజం చందాల పెట్టె ఆమె దగ్గరే ఉండేది. ఈ గొడవ తేలేదాకా వేరేవాళ్ళ దగ్గర ఉంటే బాగుంటుందని ఎవరో మెల్లగా అన్నారు. ఆ మాట పూర్తి కాకముందే సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళి పెట్టె తెచ్చి అందరి ముందూ బల్ల మీద పెట్టింది. ఇంటికొచ్చి రెండు రోజులు షాపు తియ్యలేదు. ఆమె షాపు మూసి ఉండటం సాల్మన్ పోయిన వారం తర్వాత మళ్ళీ అప్పుడే చూశాను.

మూడో రోజు ఆడిటర్ హరిబాబు వచ్చాడు. ఆయన ఆమె లెక్కలు మొదటినుంచీ చూస్తున్నవాడు.

"కంపెనీ డబ్బు సంగతిలో తప్పు మనదేనండి. నేనైనా పట్టుకోవాల్సింది. అది వడ్డీతో కట్టేద్దాం. కానీ ఆ అయిదు వందలు మీరు విడిగా తీసుకోలేదని రుజువు చెయ్యాలి. దానికి మీ మాట చాలదు. కొన్నవాళ్ళ మాట కావాలి."

"అయితే వాళ్ళనే అడుగుతాను" అంది సంపూర్ణమ్మ.

మూడేళ్ళలో అయిదు వందల తగ్గింపుతో మిషను కొన్నవాళ్ళు ఆరు వందల పైమాటే. ఆమె పొద్దున్న షాపులో కూర్చుని, మధ్యాహ్నం తాళం వేసి బస్సెక్కేది. చాలామంది డ్వాక్రా సంఘం అప్పుతో కొన్నవాళ్ళు కాబట్టి, ఎంత పెట్టి కొన్నారో సంఘం పుస్తకాల్లో రాసి ఉంది. ఆ పేజీ ఫోటో తీసుకునేది. ఒక కాయితం మీద వాళ్ళు ఇచ్చిన మొత్తం, ఫోన్ నంబరు రాయించి సంతకం పెట్టించుకునేది. అందరూ పెట్టలేదు. ఒకావిడ కాయితం అటూ ఇటూ తిప్పి, "పన్నుల కాయితం మీద సంతకం పెడితే నా పింఛను పోదు కదండీ?" అని అడిగింది. సంపూర్ణమ్మ ఆ కాయితం మడిచి సంచిలో పెట్టేసుకుంది. భయపడేవాళ్ళను బలవంతపెట్టలేదు. ఆమె కోపిష్టి మనిషే, కానీ ఆ రెండు నెలలూ ఎవరి గుమ్మం ముందూ ఆమె గొంతు పెరగలేదు.

సఖినేటిపల్లికి వెళ్ళిన రోజు రాయడానికి సాయంగా నన్ను కూడా రమ్మంది. పంటు మీద గోదావరి దాటి వెళ్ళాం. అక్కడ వీరమ్మ అనే ఆవిడ, జాకెట్లు కుట్టి బతుకుతుంది, మమ్మల్ని చూడగానే కుర్చీలు వేసింది.

"మిషనుకి ఎంతిచ్చావమ్మా?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"బిల్లులో ఎంతుందో అంతేనండి. పైన రెండొందలు."

నా కలం ఆగింది.

"పైన రెండొందలేంటి?"

"మిషను దింపినప్పుడు మీ మరిదిగారు తీసుకున్నారు కదండీ. ఆటో ఖర్చులన్నారు. మీరే తీసుకోమన్నారని చెప్పారండి."

సంపూర్ణమ్మ నా వైపు తిరిగి, "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయండి మాస్టారూ" అంది. తిరుగు ప్రయాణంలో పంటు మీద రెయిలింగు పట్టుకుని నిలబడే ఉంది. పలకరించడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆ సాయంత్రమే ఉదయ్‌ను షాపుకి పిలిచింది. నన్నూ ఉండమంది.

"సఖినేటిపల్లి వీరమ్మ దగ్గర రెండొందలు తీసుకున్నావా?"

అతను ముందు నేల చూశాడు. తర్వాత తలెత్తాడు.

"తీసుకున్నాను వదినా. డీజిల్ ఎంతయిందో తెలుసా నీకు? నువ్విచ్చేది ఆరేళ్ళ కిందటి రేటు."

"అయితే నన్ను అడగాలి కదరా."

"అడిగితే అరుస్తావు. అన్నయ్య ఉంటే అడిగేవాణ్ణి."

ఆమె మొహం చూస్తే ఆ మాట ఎక్కడ తగిలిందో తెలిసింది. నేను అరుపులకి సిద్ధపడ్డాను. ఆమె అరవలేదు. స్టూలు లాక్కుని కూర్చుని అంది: "అది నా తప్పే. రేటు నేను చూసుకోవాల్సింది. కానీ నువ్వు తీసుకుంది నా పేరు చెప్పి తీసుకున్నావు. ఎంతమంది దగ్గర?"

నలభై ముగ్గురని తేలింది. మర్నాటి నుంచి వదినా మరిదీ అదే ఆటోలో ఆ నలభై మూడిళ్ళకీ వెళ్ళారు. ఆమె రెండొందలు చేతిలో పెట్టేది. ఎందుకో ఉదయ్ చేత చెప్పించేది. కొంతమంది వద్దన్నారు. వాళ్ళ మిషను మీద పెట్టేసి వచ్చింది.

హరిబాబు ఈ సంగతి తెలిసి తల పట్టుకున్నాడు.

"ఇచ్చేశారు కదండీ, మంచిదే. ఫైల్లో మాత్రం పెట్టకండి. బయట డబ్బు తీసుకున్నారని ఆ అధికారిణి అన్నమాటే మనం రాసిచ్చినట్టవుతుంది."

"మరి వీరమ్మ కాయితంలో 'పైన రెండొందలు' అని ఉందే? కొట్టేసి మళ్ళీ సంతకం పెట్టించనా?"

"ఆ నలభై మూడు కాయితాలూ తీసేద్దాం. మిగతావి చాలు."

"అవి తీసేస్తే మిగతా వాటి మీద నాకే నమ్మకం ఉండదు హరిబాబు గారూ. పెట్టండి."

ఆయన వారం రోజులు వాదించాడు. చివరికి ఆ కాయితాల్నే అన్నిటికన్నా పైన పెట్టి ఫైలు కట్టాడు.

విచారణ రోజున నేనూ వెళ్ళాను. సారిక మొదటి కాయితం చదివి, రెండోది చదివి, తలెత్తింది.

"ఈ ఆటో డబ్బుల సంగతి మా నోటీసులో లేదు. ఎందుకు పెట్టారు?"

"విడిగా ఏమైనా తీసుకున్నారా అని అడిగారు కదండీ మీరు. నాకు తెలీకుండా తీసుకున్నారు. తెలిశాక ఇచ్చేశాను. పన్ను ఎంతవుతుందో చెప్తే కడతాను."

సారిక ఫైలు మధ్యలోంచి తనకు తోచిన కాయితాలు తీసి, వాటి మీదున్న నంబర్లకు అక్కడే ఫోన్లు చేయించింది, అందరికీ వినబడేలా. ఏడుగురు మాట్లాడారు. ఏడుగురూ కాయితంలో ఉన్నదే చెప్పారు. పేరుపాలెం ఆవిడ మాత్రం ఇంకో మాట కలిపింది: "ఆయ్, అయిదొందలు తగ్గించారండి. బిల్లు మీద పైసా ఎక్కువ తీసుకోలేదు. కానీ బాగా తిట్టారండి, నూనె వెయ్యకుండా తొక్కేస్తున్నానని." ఆ గదిలో రాసుకుంటున్న గుమాస్తా నవ్వాపుకోలేకపోయాడు. సారిక కూడా నవ్వింది. సంపూర్ణమ్మ ఒక్కతే నవ్వలేదు. "నూనె వెయ్యకపోతే అరిగిపోదా అండీ మరి?" అంది.

నలభై రోజులకు ఉత్తర్వు వచ్చింది. కంపెనీ ఇచ్చిన ఎనిమిది వందల మీద పన్నూ వడ్డీ, ఉదయ్ వసూలు చేసిన దాని మీద పన్నూ కట్టాలి. సొంతంగా వదులుకున్న అయిదు వందల మీద పన్ను లేదు. కావాలని ఎగ్గొట్టారన్న ఆరోపణ నిలబడలేదు కాబట్టి పెద్ద పెనాల్టీ లేదు. అంతా కలిపి ఎనభై వేల చిల్లర. రెండు గాజులు తాకట్టు పెట్టి, గడువుకి ముందే కట్టేసింది.

ఆ ఉత్తర్వు పెద్దక్షరాలతో అచ్చు వేయించి షాపు ముందు పెట్టమని నేనే సలహా ఇచ్చాను. బజారులో నోళ్ళు మూతపడతాయన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"అందులో నేను పన్ను కట్టలేదన్న మాట కూడా ఉంది కదా మాస్టారూ. సగం ఎలా అంటిస్తాం? అడిగినవాళ్ళకి మొత్తం చూపిస్తాను."

అడిగినవాళ్ళకి నిజంగానే చూపించింది. ఇప్పుడు ఆమె బిల్లులో కంపెనీ తగ్గింపు ఒక వరసలోనూ తన తగ్గింపు ఇంకో వరసలోనూ ఉంటాయి. ఏ వరస మీద పన్ను పడుతుందో, ఏ వరస మీద పడదో కొనేవాళ్ళకు వేలు పెట్టి చూపించి మరీ చెబుతుంది.

ఉదయ్ ఆ తర్వాత కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. ఊరూరా తిప్పి క్షమాపణ చెప్పించిందన్న బాధ అతనికుంది. అది న్యాయమైన బాధే అని ఆమె నాతో అంది. ట్రిప్పు రేటు పెంచింది. ఇప్పుడు మూడు నెలలకోసారి తనే అడుగుతుంది, "డీజిల్ ఎంతుందిరా?" అని. అతను చెబుతాడు. ఆమె ఒక్కోసారి అరుస్తుంది. అతనూ అరుస్తాడు. ఎదురింట్లో కూర్చున్న నాకు ఇద్దరి మాటలూ స్పష్టంగా వినిపిస్తాయి. చివరికి రేటు కుదురుతుంది, మిషను ఆటో ఎక్కుతుంది.