గ్రేస్ ఆంటీ సాక్ష్యం

వేడి పెనం మీద చేపల సాస్ పడితే ఆ వాసన ఒక్క క్షణంలో ఇల్లంతా పట్టేస్తుంది. పోయిన శనివారం కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో మా ఇంట్లో అదే జరిగింది. థాయ్ వంట నేర్చుకుంటానని మా అమ్మాయి కోడిగుడ్ల మీద ఆ సాస్ కాస్త ఎక్కువే ఒంపేసింది. "సారీ మమ్, ఇట్ స్టింక్స్!" అంటూ కిటికీలు తెరవడానికి పరిగెత్తింది. నేను మాత్రం పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. ఎండుచేపల బజారును గుర్తుచేసే ఆ ఘాటులో నాకు సిడ్నీ పక్కన పారమట్టాలోని పాత ఎర్ర ఇటుకల ఇల్లు కనిపించింది. చింతపండు పులుసులో కూడా ఆ సాస్ రెండు చుక్కలు వేసే ఒక మనిషి కనిపించారు. ఆవిడ పేరు గ్రేస్. నాకు గ్రేస్ ఆంటీ.

కంప్యూటర్లు రెండువేల సంవత్సరాన్ని పందొమ్మిది వందలుగా పొరబడకుండా పాత ప్రోగ్రాములను సరిచేయడానికి మాలాంటి వాళ్ళను విమానాలకెత్తి రప్పించుకుంటున్న రోజులవి. నంద్యాలలో పుట్టి పెరిగిన నేను అలా సిడ్నీ వచ్చి పడ్డాను. పెళ్ళి కాని ముస్లిం అమ్మాయికి గది ఇచ్చేవాళ్ళ కోసం వెతుకుతుంటే ఆఫీసులో ఎవరో ఆంటీ ఇల్లు చెప్పారు. ఆవిడది నరసాపురం. వృద్ధాశ్రమంలో నర్సు. అంతకుముందు చాలా ఏళ్ళు ఉత్తర థాయ్‌లాండ్‌లో ఒక చిన్న పట్టణపు ఆసుపత్రిలో పనిచేశారట. నేను పెట్టె దించగానే నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, "ఈ ఇంట్లో ఒకటే రూలమ్మా షమీమ్. నీకు నచ్చనిది ఏదున్నా నా మొహం మీదే చెప్పాలి. వెనకాల గొణిగితే నాకు చెడ్డ చిరాకు," అన్నారు. మర్నాడే, "ఆంటీ, మీ పులుసు వాసన నాకు పడడం లేదు," అని చెప్పేశాను. ఆవిడ పగలబడి నవ్వి, ఆ రోజు నుంచి నా గిన్నె వేరుగా దించి పెట్టేవారు. ఆ డిసెంబర్ రంజాన్ నెలలో నేను ఉపవాసాలతో ఆఫీసుకు వెళ్తుంటే ఇఫ్తార్‌కు ఖర్జూరాలూ వడలూ డబ్బాలో కట్టిచ్చేవారు. ఆదివారం ప్రార్థనలో నా పేరు కూడా చెప్పుకునేవారట. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ నాతో అనలేదు. ఆవిడ చర్చికి వచ్చే ఇంకొకావిడ చెప్పింది.

ఆంటీ ఎలాంటి మనిషో నాకు పూర్తిగా తెలిసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. నది పక్క పార్కులో తెలుగువాళ్ళ బార్బెక్యూ. ప్రసాద్ అంకుల్ అని ఒకాయన అప్పుడే థాయ్‌లాండ్ విహారయాత్ర నుంచి వచ్చి, అక్కడ పోలీసు చేతిలో నోటు పెట్టి ఎలా బయటపడ్డాడో అందరికీ చెప్పి నవ్విస్తున్నాడు. చివరికి, "అదంతే బాబూ, వాళ్ళ కల్చరే అంత. లంచం లేకపోతే వాళ్ళకు తెల్లారదు," అన్నాడు. ఆంటీ చేతిలోని పళ్ళెం బల్ల మీద పెట్టేశారు.

"నోటు ఇచ్చింది నువ్వు కదా ప్రసాదూ. మరి కల్చర్ వాళ్ళదెలా అయింది?" అన్నారు.

"సరదాగా అన్నాలెండి సిస్టర్."

"నేను సరదాగా అడగట్లేదు. రోడ్డు మీద పోలీసు తీసుకునేది చిల్లర. ఆ చిల్లర చూసొచ్చి దేశమంతా తెలిసినట్టు మాట్లాడకు. ఒక మనిషి చచ్చిపోతే, ఎవరు చచ్చారని అడక్క ముందే చంపింది ఎవరి కొడుకని అడుగుతారు చూడు, అదీ అవినీతి. అది నేను కళ్ళారా చూశాను."

అక్కడే, మాడుతున్న మాంసం పొగలో, ఆవిడ తన కథ చెప్పారు. ఆసుపత్రి ముందు కూడలిలో ఒకావిడ నిప్పుల మీద అరటికాయలు కాల్చి అమ్మేది. రోజూ డ్యూటీకి వెళ్ళేటప్పుడు ఆంటీకి ఒకటి ఆకులో పెట్టిచ్చేది. ఒక ఉదయం ఆంటీ కళ్ళ ముందే ఒక పెద్ద కారు వచ్చి ఆమెను గుద్దేసింది. బండి నడిపింది మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, ఆ ఊరి పెద్ద కాంట్రాక్టరు కొడుకు. ఆంటీ పరిగెత్తుకెళ్ళి ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నారు గానీ ప్రాణం నిలవలేదు. సాయంత్రం స్టేషనుకు వెళ్ళేసరికి, కారు నడిపింది నేనేనని వాళ్ళింటి డ్రైవరు తలవంచుకుని కూర్చుని ఉన్నాడు. పోలీసు అధికారి ఆంటీని ఎంతో మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మీరు మా అతిథులు. ఇంటి వ్యవహారాలు మాకు వదిలేయండి," అన్నాడు. ఆంటీ ఆ టీ తాగలేదు. తను చూసింది చూసినట్టు చెప్పి సంతకం పెట్టారు. కోర్టులోనూ అదే చెప్పారు, అనువాదకుడు అక్కర్లేదని, వాళ్ళ భాషలోనే. డ్రైవరుకే శిక్ష పడింది. కుర్రాడి మీద కేసే లేదు. ఆ ఏడాది ఆసుపత్రి ఆంటీ కాంట్రాక్టును పొడిగించలేదు. వీసా పోయింది. సిడ్నీలో ఉన్న చెల్లెలి దగ్గరకు వచ్చేశారు.

"ఇందులో వాళ్ళ కల్చర్ ఏది ప్రసాదూ?" అని అడిగారు ఆంటీ. "ఆ చచ్చిపోయినామె థాయ్. ఆమె తరఫున ఫీజు తీసుకోకుండా వాదించిన లాయరు పిల్ల థాయ్. నాతోపాటు కోర్టుకొచ్చి నిలబడి, అందుకు ప్రమోషన్ పోగొట్టుకున్న వార్డు నర్సు థాయ్. ఆ దేశం కాంట్రాక్టరుది ఒక్కడిదేనా?"

ప్రసాద్ అంకుల్ ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయాడు. ఆంటీ పళ్ళెం తీసుకుని, చల్లారిన అన్నం మొత్తం తిన్నారు.

ఆఫీసులో మా బృందంలో ప్లాయ్ అని ఒక థాయ్ అమ్మాయి ఉండేది. ప్రోగ్రాములను పరీక్షించడం ఆమె పని. ఆంటీకి థాయ్ వచ్చని చెబితే ఒకసారి భోజనానికి వచ్చింది. ఇద్దరూ ఆ భాషలో గలగలా మాట్లాడుకుంటుంటే నేను మురిసిపోతూ కూర్చున్నాను. మాటల్లో కోర్టు కథ వచ్చింది. ప్లాయ్ ముఖం మారిపోయింది. నాకూ అర్థం కావాలనేమో, ఇంగ్లీషులోకి దిగింది. "మీరు మా దేశం గురించి అలా చెప్తుంటే నాకు కోపం వస్తోంది ఆంటీ. మీరు చెప్పేది అబద్ధమని కాదు. మీరు మాట్లాడి విమానం ఎక్కారు. ఆ నర్సు ఎక్కడికి వెళ్తుంది?"

ఆంటీ చేతిలోని గరిటె కింద పెట్టారు. "నిజమే," అన్నారు. "నాకు వెళ్ళడానికి ఒక చోటుంది, ఆమెకు లేదు. అందుకే ఆమె నాకన్నా గొప్పది. కానీ ప్లాయ్, పాస్‌పోర్ట్ పరాయిదైతే కళ్ళు కూడా పరాయివవుతాయా? ఆ అరటికాయలామె నా ఒళ్ళో పోయింది. నేను చూడలేదని ఎలా చెప్పను?"

 వెళ్ళేటప్పుడు ప్లాయ్ వాళ్ళ పద్ధతిలో రెండు చేతులూ జోడించి, తల బాగా వంచి నమస్కరించింది.

జనవరి ఒకటి ఏ గొడవా లేకుండా దాటింది. లోకం మునుగుతుందన్న వాళ్ళంతా చేతులు దులుపుకున్నారు. మా పని వృద్ధాశ్రమాలకు మందులు పంపే ఒక సంస్థ కోసం. ఆ ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదో రోజు ఉంది. పందొమ్మిది వందల్లా నూరుతో భాగించబడే సంవత్సరాలు మామూలుగా లీపు సంవత్సరాలు కావు గానీ రెండువేలు అవుతుంది. పాత ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదేమో, ఆ తేదీని కూడా పరీక్షించాలని ప్లాయ్ ముందే అడిగింది. మా మేనేజరు శేఖర్ ఒప్పుకోలేదు. "జనవరి దాటనీ చాలు, ఆ ఒక్క రోజు ఎవడు చూస్తాడు," అన్నాడు. ఆ గదిలో ఉన్నది మేము ముగ్గురమే. తీరా ఆ రోజు రానే వచ్చింది. అలాంటి తేదీ లేదనుకున్న ప్రోగ్రాము ఆ రోజు మందులేవీ పంపలేదు. ఒక ఆశ్రమంలో ఒక పెద్దాయనకు ఇన్సులిన్ అందక ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. బతికాడు, కానీ చావు అంచు దాకా వెళ్ళొచ్చాడు.

మర్నాడు శేఖర్ నన్ను కాఫీకి తీసుకెళ్ళాడు. అతనూ తెలుగువాడే. నా వీసా అతని కంపెనీ చేతిలో ఉంది.

"చూడు షమీమ్, క్లయింట్‌కి ఒక నేమ్ కావాలి. టెస్టింగ్ ప్లాయ్ చూసింది కాబట్టి ప్లాయ్ మిస్ అయిందని చెప్తాం. నువ్వు అబద్ధం చెప్పక్కర్లేదు. మీటింగ్‌లో సైలెంట్‌గా ఉంటే చాలు."

"ఆ అమ్మాయి అడిగింది కదా శేఖర్‌గారూ. నేను అక్కడే ఉన్నాను."

"వాళ్ళకివన్నీ మామూలేలే, థాయ్ వాళ్ళు పెద్దగా ఫీలవ్వరు. మనం మనం చూసుకోవాలి. నీ పర్మనెంట్ రెసిడెన్సీ, ఆ పీఆర్ పేపర్లు కూడా కదలాలి కదా."

ఇంటికొచ్చి వంటింట్లో కూలబడ్డాను. జరిగిందంతా చెప్పి, "ఏం చేసేది ఆంటీ?" అన్నాను. ధైర్యం చెబుతారనుకున్నాను. ఆవిడ చెప్పలేదు.

"నేను మాట్లాడాను, గెలవలేదు. ఉద్యోగం పోయింది, నాకిష్టమైన ఊరు పోయింది. నిజం చెప్తే హాయిగా నిద్ర పడుతుందంటారు చూడు, అది కూడా ఒట్టిదే. నాకు చాన్నాళ్ళు నిద్రే లేదు. ఇవన్నీ తెలుసుకో, తెలిసే చెయ్యి."

"మరి మీరెందుకు చెప్పారాంటీ?"

"కోర్టులో ఆ అరటికాయలామె చెల్లెలు ముందు వరసలో కూర్చుంది. మా అక్క చావుకు కారణం ఆ కుర్రాడేనని ఒక్కరైనా పైకి అంటారా అని చూస్తోంది. అన్నాను. తీర్పు వాళ్ళిష్టం వచ్చినట్టు రాసుకున్నారు. కానీ ఆ మాట అందరూ విన్నారు. ఇక విననట్టు ఎవరూ ఉండలేరు." నా ముందు పళ్ళెం పెడుతూ, "ఇక్కడ లంచం కవర్లో పెట్టరమ్మా. కాఫీ ఇప్పించి, పీఆర్ అంటారు. అంతే తేడా," అన్నారు.

మీటింగ్‌కు క్లయింట్ తరఫున తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు వచ్చారు. ఆ తేదీని వదిలేయాలని ఎవరు నిర్ణయించారని అడిగారు. శేఖర్ గొంతు సవరించుకుని ప్లాయ్ పేరు ఎత్తాడు. ప్లాయ్ నన్ను చూడలేదు, బల్లనే చూస్తోంది. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు, అక్కడ ఎవరూ లేచి మాట్లాడరు. "ప్లాయ్ పరీక్షిద్దామంది. వద్దన్నది శేఖర్. నేను విన్నాను," అన్నాను. పెద్దావిడ కళ్ళద్దాలు తీసి, "ఇంకోసారి చెప్పగలరా?" అన్నారు. ఇంకోసారి చెప్పాను. రెండోసారి నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

ప్లాయ్ మీద నింద పడలేదు. శేఖర్‌కు ఏమీ కాలేదు. కొన్ని వారాలకు, ప్రాజెక్టులు తగ్గాయి కాబట్టి నా వీసా స్పాన్సర్‌షిప్ ఆపేస్తున్నామని కంపెనీ నుంచి కబురొచ్చింది. నేను ఏడుస్తుంటే ఆంటీ నర్సు యూనిఫాంలోనే నాతో ఆఫీసుకు బయలుదేరారు. రిసెప్షన్ అమ్మాయి ఆపుతున్నా వినకుండా శేఖర్ గది తలుపు తోశారు.

"నాయనా, థాయ్‌లాండ్‌లో పోలీసాఫీసరు కూడా నన్ను ఇలాగే బెదిరించాడు. కానీ కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. నీకా మర్యాద కూడా లేదు," అన్నారు. "ఈ పిల్లను తీసేశావు, సరే. ఎందుకు తీసేశావో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు నీ ఆఫీసులో అందరికీ తెలుసు." తలుపు బార్లా తెరిచే ఉంది. బయట టైపింగ్ చప్పుడు ఆగిపోయింది. వచ్చిన దారినే తలెత్తుకుని నడిచి వచ్చేశాం. రైల్లో కూర్చున్నాక ఆంటీ చేతులు రెండూ నా చేతుల్లోకి తీసుకున్నాను.

ఆ రోజుల్లో నాలాంటి వాళ్ళకు పనులు వేగంగా ఎండిపోతున్నాయి. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని ప్రతి ఇంటర్వ్యూలో అడిగేవారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. చాలాచోట్ల ఆ తర్వాత కబురు లేదు. వీసా గడువు ముగియబోతుండగా కాన్‌బెర్రాలో ఒకాయన అంతా విని, "అయితే మా దగ్గరా ఏదైనా తప్పు కనిపిస్తే చెప్తారన్నమాట," అని నవ్వి తీసుకున్నాడు. ప్లాయ్ ఆ ఏడాది చివర బ్యాంకాక్ తిరిగి వెళ్ళిపోయింది. "నా దేశాన్ని నేను తిట్టాలంటే దగ్గరే ఉండాలి కదా," అంది విమానాశ్రయంలో. ఆంటీ ఆమెను కౌగిలించుకుని థాయ్‌లో ఏదో అన్నారు. ఇద్దరూ నవ్వారు, ఇద్దరూ ఏడ్చారు. ఏమన్నారని అడిగితే నాకు చెప్పలేదు.

గ్రేస్ ఆంటీ పోయి కొన్నేళ్ళయింది. చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా, ఎవరిదో ఫోన్ పోయిందని ఊడ్చే అమ్మాయిని అనుమానించినందుకు పెద్ద నర్సుతో గొడవ పెట్టుకున్నారు. ఆ గొడవ ఎలా ముగిసిందో నాకు తెలియదు. ఆవిడ ఓడిపోయి ఉంటారనే నా అనుమానం. ఓడిపోవడం ఆవిడకు ఎప్పుడూ పెద్ద విషయం కాదు.

ఇప్పుడు నాకూ వయసొచ్చింది. నా కింద పదిమంది పనిచేస్తున్నారు. మీటింగుల్లో తప్పు ఎవరో ఒక చిన్నవాడి నెత్తిన రుద్దుతున్నప్పుడు నేను చెయ్యెత్తుతాను. గదిలో కొందరు విసుగ్గా కళ్ళు పైకి తిప్పుతారు. ఈ మధ్య కొత్తగా చేరిన ఒకమ్మాయి గుట్టుగా దగ్గరికొచ్చి, "మేడమ్, మీ వెనకాల మిమ్మల్ని డిఫికల్ట్, ఆవిడతో వేగలేం అంటున్నారు, జాగ్రత్త," అంది. నాకు నవ్వొచ్చింది. గ్రేస్ ఆంటీని రెండు దేశాల్లో అదే అన్నారు.