శారదమ్మ కచేరీల నా కోరస్

నిన్న పట్టపగలు నా నోట్ల నిమ్మరసం ఎందుకు పోసిన్రో చెప్తే, మీరు చాయ్ కిందవెట్టి నవ్వుతరు. నవ్వుండ్రి. నాకైతే కోపం చేసే ఓపిక గూడ లేదు.

కథ మొన్న సాయంత్రం మొదలైంది. ఎల్బీనగర్ చౌరస్తాల తెలంగాణ కోసం రిలే దీక్ష నడుస్తున్నది గద. పొద్దంత టెంటుల కూసొని, తిండి లేక, పాటలు పాడి గొంతు బొంగురువోయి ఇల్లు చేరిన. మా ఆవిడ యాదమ్మ చెప్పులు గూడ ఇడువనియ్యలె.

"పైన కిరాయికున్న శారదమ్మ ఇయ్యాల కాలనీ హాల్ల పాడుతున్నది. నడువు."

"దీక్షలకెళ్లి వచ్చిన మనిషిని. జర బువ్వన్న తిననియ్యవా?"

"వచ్చినంక తిందువు. ఉద్యమానికి భయపడి వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తమంటున్నరు. నువ్వొచ్చి ముందట కూసుంటే ధైర్యమొస్తది. ఒక్కటే మాట, అక్కడ నోరు తెరవకు."

శారదమ్మోళ్లది గుంటూరు దిక్కు. ఆమె భర్త సుబ్బారావుది బ్యాంకు నౌకరి. ఆయనకూ నాకూ మెట్లకాడ రోజూ లడాయే. గని శారదమ్మ లేకుంటే యాదమ్మకు పొద్దువోదు. వాళ్లు పోతే నా బతుకేంగాను? పోయిన.

శారదమ్మ కీర్తన ఎత్తుకున్నది. మంచి గొంతు, అబద్ధమెందుకు. మొదటి లైను పాడింది. మళ్ల అదే లైను. జర తిప్పి, జర పైకి లేపి, మళ్ల అదే.

మా పాటల జట్టుల ముందటోడు లైను పాడితే ఎనుకోళ్లు అందుకోవాలె. అందుకోకుంటే పాపం వాడు మళ్ల అదే లైను పాడుతడు. అట్ల రెండుసార్లు పాడిచ్చిన్రంటే కోరస్ వాళ్లకు సిగ్గుండాలె. నేను సమ్మెల్ల, లాఠీల ముందట గూడ అందుకున్నోన్ని.

హాలంత చూసిన. అందరు తొడల మీద తాళమేస్తున్నరు గని ఒక్కడు నోరు తెరుస్తలేడు. సుబ్బారావైతే కండ్లు మూసుకున్నడు. పెండ్లాం అంత తండ్లాడుతుంటె మొగడు నిద్రవోతున్నడా అని నాకు మండింది. ఆమె మళ్ల అదే లైను ఎత్తింది. చెవి మీద చెయ్యివెట్టి అందుకున్న.

టెంటు గొంతు, మైకు అక్కరలేదు. మృదంగమాయన చెయ్యి గాల్ల ఆగింది. యాదమ్మ మొకం మీద కొంగు కప్పుకున్నది. శారదమ్మ పెదవి కొరుక్కొని, తల దించుకొని, మళ్ల మొదటికెళ్లి మొదలువెట్టింది.

కచేరీ అయినంక బయట సుబ్బారావు నా చెయ్యి పట్టుకున్నడు. "అవి సంగతులండీ బాబాయిగారూ. ఎవరూ అందుకోలేదని కాదు. లైను ఒకటే, కానీ పాడినప్పుడల్లా ఒక మెట్టు పైకి తీసుకెళుతుంది."

"మరి నువ్వు నిద్రవోయినవ్ గద?"

"వింటున్నానండీ."

మెట్టు మాట నాకు గుచ్చుకున్నది. ఇన్నేండ్ల సంది మేం గూడ ఒక్క లైనే పాడుతున్నం. ఒక్క సంగతన్న ఏసినమా? ఢిల్లీకి అందుకే ఇనొస్తలేదేమో.

నిన్న టెంటుల పాట ఎత్తుకున్న. మొదటిసారి మామూలుగ పాడిన. రెండోసారి తిప్పిన. తర్వాత పైకి లేపి గొంతు వణికించిన. కోరస్ వాళ్లు ఒకని మొకం ఒకడు చూసుకున్నరు. నేను కండ్లు మూసుకొని ఇంకో మెట్టెక్కిన.

"పెద్దాయన చక్కరొచ్చి పడిపోతున్నడు, పట్టుండ్రి" అన్నడు ఎవడో. ఇద్దరు తల పట్టుకున్నరు, ఒకడు నిమ్మరసం పోసిండు. మింగినంక ఇంకేముంది, దీక్ష ఖతం. "కొన్ని దినాలు ఇంటికాడ రెస్టు తీసుకో పెద్దాయనా, టెంటుకు రాకు" అని ఆటో ఎక్కిచ్చిన్రు.

యాదమ్మ గుమ్మంల ఎదురొచ్చింది. "పైనోళ్లు ఇల్లు ఖాళీ చేస్తలేరు. 'హాలు మొత్తంలో నాకోసం నోరు తెరిచింది బాబాయిగారొక్కరే' అన్నదట శారదమ్మ."

అప్పటిదాంక లేని బలమొచ్చింది నాకు.

"గని ఒక షరతు. ఆమె కచేరీ ఉన్నరోజు నువ్వు దీక్షల కూసోవాల్నట. వచ్చే ఐతారం మళ్ల ఉన్నది."

సరే అన్న. టెంటోళ్లు రావద్దన్న సంగతి ఇంట్ల ఇంకా చెప్పలే.